పది రాగములు, ఒక డిస్కో తాళము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందలి శ్రోతలకు డిస్కో తాళమును క్రొత్తగా పరిచయము చేయవలసిన పని లేదు. పెండ్లి ఊరేగింపు కదలిన రాత్రి ఆ తాళము తానే వచ్చి తలుపు తట్టుచున్నది. కిటికీ రెక్కలు అదరును, అలమారలోని గిన్నెలు గలగలలాడును, ముసలివారు చెవులు మూసికొందురు, పడుచువారు చెప్పులు తొడుగుకొని వీధిలోనికి పోదురు. ఇంతకంటె దగ్గర పరిచయమేమి కావలెను? అయితే ఈ తాళమునకును మన రాగములకును నలుబది ఏండ్ల క్రిందటనే ఒక కలయిక జరిగినది. జరిగిన నాడు దానిని పట్టించుకొన్నవారు బహు కొద్దిమంది. ఇరువది ఏండ్లు అది మరుగున పడియుండెను. పిదప దేశదేశముల శ్రోతలు దానిని నెత్తి కెత్తుకొనిరి. ఆ రికార్డును గురించియు, దానిని మన చెవులతో ఎట్లు వినవచ్చునో దానిని గురించియు నేడు ముచ్చటింపదలచితిమి.

దాని పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. 1982లో గ్రామఫోను కంపెనీ ఆఫ్ ఇండియా వారు దానిని లాంగ్‌ప్లే రికార్డుగా వెలువరించిరి. సితారు లేదు, తబలా లేదు, సారంగి లేదు. ఒక మనిషి, మూడు యంత్రములు. ఆ మనిషి చరణ్‌జీత్ సింగ్ గారు.

సింగ్ గారు బొంబాయి సినిమా స్టూడియోలలో వాద్యకారులు. గిటారు, బాస్ గిటారు, మీటల వాద్యములు వారి చేతిలో సమముగా పలికెడివి. 1971 నాటి 'హరే రామ హరే కృష్ణ' చిత్రములోని 'దమ్ మారో దమ్' పాటయందు వినవచ్చు ట్రాన్సికార్డు అను విద్యుద్వాద్యము వారు వాయించినదే. ఆ పాట వినని రేడియో ఇల్లు ఆనాడు తెలుగునాట అరుదు. ఆ వాద్యము వాయించినవాని పేరెరిగిన ఇల్లు అంతకంటె అరుదు. సినిమా పాటకు గాయకుని పేరు, కవి పేరు, సంగీత దర్శకుని పేరు చెప్పుట మా రేడియోల ఆచారము. వెనుక కూర్చున్న వాద్యబృందమును పేరు పేరున పిలుచుటకు మూడు నిమిషముల పాట ముందర తీరిక యుండదు. అట్టి వెనుక వరుసలో సింగ్ గారు ఏండ్ల తరబడి కూర్చుండిరి. ఆ రికార్డు విలువను తూచువారు ఈ సంగతి మరువరాదు.

ఆ రోజులు డిస్కో రోజులు. 1980లో 'ఖుర్బానీ' చిత్రమునకై నాజియా హసన్ పాడిన పాట దేశమునంతయు ఊపివేసినది. 1982 చివర 'డిస్కో డాన్సర్' వచ్చినది. దానికి సంగీతము కూర్చిన బప్పీ లహరి గారే 1986లో మన 'సింహాసనం' చిత్రమునకు కూడ బాణీలు కట్టిన సంగతి హోటళ్ళ టేపురికార్డర్లు విన్నవారికి జ్ఞాపకముండును. చుట్టును అందరును డిస్కో పాటలు కట్టుచుండగా, తబలాను తీసివేసి, రాగమునకు డిస్కో తాళము నొక్కదానినే తోడు పెట్టిన ఎట్లుండునో చూడదలచితినని సింగ్ గారు తరువాతి కాలమున చెప్పిరి. ఊహ చిన్నదే. దానిని నడపించిన యంత్రములను కొంచెము పరిశీలింపవలసి యున్నది.

మూడును జపాను దేశపు రోలాండు కంపెనీవి. మొదటిది జూపిటర్-8 అను సింథసైజరు. మీటలు గలది, రాగమును పలికించునది. రెండవది టీఆర్-808 అను తాళయంత్రము, 1980లో వచ్చినది. తాళావర్తమును పదునారు మెట్లుగా పేర్చి, ఏ మెట్టుపై ఏ దెబ్బ పడవలెనో ముందుగా చెప్పియుంచిన, ఆపువరకు అట్లే కొట్టుచుండును. నాలుగు దెబ్బలు, దెబ్బకు నాలుగు అక్షరములు. మన లెక్కలో చతురశ్ర నడ. మూడవది టీబీ-303 అను మంద్రస్వర యంత్రము. బాస్ గిటారు వాయించు మనిషి దొరకనప్పుడు అతనికి బదులుగా నుండుటకై దీనిని చేసిరి. ఆ పనికి అది బొత్తిగా సరిపోలేదు. దాని గొంతు గిటారు గొంతు కాదు. నీటిలో బుడగలు లేచినట్లు, నోటిలో తాంబూలము పెట్టుకొని పాడినట్లు నుండును. కొన్నవారు కొద్దిమంది, 1984లో కంపెనీవారు దాని తయారీని మానివేసిరి. బాస్ గిటారు వాద్యకారుని ఇంటికి పంపుటకై పుట్టిన యంత్రమును, ఒక బాస్ గిటారు వాద్యకారుడే చేతికి తీసికొని, దానితో రాగము వాయించినాడన్న మాట.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న యున్నది. మీటల వాద్యముపై రాగము పలుకునా? ఈ ప్రశ్న రేడియోకు క్రొత్తది కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును తన స్టూడియోల నుండి బహిష్కరించినది. మీట నొక్కిన స్వరము నిలిచినచోటనే నిలుచును. ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారుట, ఊగుట దానికి చేతగావు. శ్రుతియు మన శ్రుతి కాదు. ఇవి ఆనాటి వాదములు. రవీంద్రనాథ ఠాగూరు గారికిని ఆ పెట్టె గిట్టెడిది కాదు. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. ఈ మధ్యకాలమున మన పల్లెలలో పద్యనాటకము హార్మోనియము లేనిదే తెర యెత్తలేదు; రాగాలాపన చేయు నటుని వెంట ఆ పెట్టెయే పరుగులెత్తినది. శాస్త్రము ఒక ప్రక్క, రంగస్థలము ఒక ప్రక్క. రెండింటిలోను న్యాయమున్నదని మా అభిప్రాయము. గమకము లేనిది రాగము కాదన్నమాట నిజము; చేయి తిరిగినవాడు లేని గమకమును ఉన్నట్లు భ్రమింపజేయగలడన్నదియు నిజమే.

మన ప్రాంతపు చెవికి దీనికి ఉత్తమమైన ఉదాహరణము మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో జన్మించిన ఆ బాలుడు, మెట్లుగల పాశ్చాత్య వాద్యమును విద్యుత్తుతో పలికించుచు, జంట తంత్రులను తీసివేసి ఒంటి తంత్రులు బిగించుకొని, కర్ణాటక గమకమునకు దానిని లొంగదీసెను. వాద్యము మీద అనుమానపడిన పెద్దలు అతని చేతిని విన్న పిమ్మట అనుమానమును ప్రక్కకు పెట్టిరి. 2014లో ఆయన అకాలముగా గతించునప్పటికి, మాండలిన్ పరాయి వాద్యమను మాట ఎవరి నోటను వినబడుట లేదు.

చరణ్‌జీత్ సింగ్ గారి యంత్రమునకు తంత్రి లేదు, లాగుటకు వ్రేలు పెట్టు చోటు లేదు. కాని టీబీ-303లో ఒక సదుపాయమున్నది. ఒక మెట్టుపై గుర్తు పెట్టినచో, ఆ స్వరము తెగిపోక తరువాతి స్వరములోనికి జారును. ఈ జారుడే ఆ రికార్డుకు ప్రాణము. హిందుస్తానీ సంగీతమున 'మీండ్' అనబడునది కూడ స్వరము నుండి స్వరమునకు జారుటయే కనుక, యంత్రము చేయు పని చెవికి పరాయిగా తోచదు. మన కర్ణాటక గమకము వేరు. అది జారుట మాత్రమే కాదు, ఒకచోట నిలిచి ఊగుట. తోడి గాంధారమును ఈ యంత్రముతో పలికింపబోయిన, అది ఏడ్చునో నవ్వునో చెప్పలేము. యమన్ వాయించగలిగిన యంత్రము కల్యాణి వాయించలేకపోవుటకు కారణమిదియే. స్వరములు అవియే అయినను నడక వేరు.

ఇక వినుట. తెలుగు శ్రోతకు ఈ రికార్డులో ఎక్కువ రాగములు చుట్టములే. పేర్లు మాత్రము వేరు. అందలి భూపాలీ మన మోహనము. 'మాయాబజార్' (1957) చిత్రములో వెన్నెల రాత్రి పడవ పాట విన్నవారందరికిని ఆ అయిదు స్వరములు కంఠస్థములు. మాల్‌కౌంస్ మన హిందోళము, త్యాగరాజస్వామి 'సామజవరగమన' కీర్తన రాగము. యమన్ కల్యాణికి తోబుట్టువు. కళావతి స్వరములు మన వలజి స్వరములు. బైరాగి రేవతికి సమానము. వేదఘోష వంటి రాగము. మధువంతిని వినునప్పుడు ధర్మవతి తలపునకు వచ్చును. మేఘమల్హారు మధ్యమావతికి చేరువ. పేరును బట్టి చిక్కు తెచ్చునది తోడి ఒక్కటే: హిందుస్తానీ తోడి మన తోడి కాదు, అది మన శుభపంతువరాళి. లలిత్‌కు మాత్రము సరియైన జోడు మనవద్ద వెదకుట కష్టము. రెండు మధ్యమములు ప్రక్క ప్రక్కనే నిలుచును, పంచమము లేదు. తెల్లవారుఝామున చలిలో వినవలసిన రాగమది.

మొదటిసారి వినునప్పుడు తాళమును వినవద్దని మా మనవి. అది ఎటులైనను వినబడును. మీరు సాయము చేయనక్కరలేదు. తాళమునకు పైని, పై రాగమునకు క్రిందను, నడుమ బుడబుడలాడుచు తిరుగు మంద్రస్వరమును పట్టుకొనుడు. అది ఏ స్వరమునకు మాటిమాటికి ఇల్లు చేరుచున్నదో చూచిన, అదియే ఆధారషడ్జము. నోటితో ఆ షడ్జమును పట్టి ఉంచుడు. అప్పుడు పై రాగము తన ముఖము చూపును. ఇంటిలో సంగీతము నేర్చుకొను పిల్లలున్నచో రాగము పేరు చెప్పక వినిపించి, ఏ రాగమో చెప్పుమని అడుగుడు. భూపాలీని ఎక్కువమంది వెంటనే పట్టుకొందురు. తోడి దగ్గర తగవులు వచ్చును.

మరియొక విశేషము. ఈ రికార్డు చిన్న రేడియో సెట్టులో ఒక విధముగాను, పెద్ద పెట్టెలలో ఒక విధముగాను వినబడును. చిన్న స్పీకరు లోతైన దెబ్బను మోయలేదు. డోలు దెబ్బ అందులో వ్రేలితో బల్లను కొట్టినంతగా చిక్కిపోవును, రాగము ముందుకు వచ్చును. ఊరేగింపు బండిమీది పెట్టెలలో దెబ్బ పర్వతమగును, రాగము దాని నీడలో మాయమగును. ఒకే రికార్డును ఇద్దరు విని, ఒకరు ఇది రాగమనియు ఒకరు ఇది చిందనియు వాదులాడుకొన్నచో, వారి వారి పెట్టెలను ముందు చూడవలెను.

ఈ రికార్డునందు లోపములు లేకపోలేదు. పది రాగములకును సుమారొకే నడక, సుమారొకే నిడివి. రాగమునకు అయిదేసి నిమిషములు. విలంబము లేదు, నిశ్శబ్దము లేదు. నడిరేయి గంభీరముగా అడుగు వేయవలసిన మాల్‌కౌంస్‌ను పట్టపగలు పరుగెత్తించినట్లున్నది. లలిత్‌లోని రెండు మధ్యమముల నడుమ ఊపిరి పీల్చుటకు చోటు కావలెను. తాళము ఆ చోటు నీయదు. అయిదు స్వరముల రాగములకు మాత్రము ఈ పరుగు నప్పినది. స్వరముల నడుమ ఎడము ఎక్కువ గనుక జారుడు స్పష్టముగా వినవచ్చును. చెప్పవలసిన మాట తక్కువ గనుక త్వరగా చెప్పినను చెడదు. భూపాలీ, కళావతి, బైరాగి: ఈ మూడింటిని వినుటకే రికార్డు కొనవచ్చునని మేము చెప్పుదుము.

1982లో ఆ మాట చెప్పినవారెవ్వరు? రాగప్రియులకు అది డిస్కో. డిస్కోప్రియులకు అది రాగము. రెండిండ్ల చుట్టము పస్తుండినట్లయినది. రికార్డు అమ్ముడుపోలేదు. సింగ్ గారు యథాప్రకారము తమ వాద్యములతో తమ పని చూచుకొనిరి.

ఇరువది ఏండ్లు గడచినవి. 2002లో ఎడో బౌమన్ అను డచ్చి దేశపు రికార్డుల సేకర్త ఢిల్లీలోని ఒక పాతరికార్డుల అంగడిలో దీనిని చూచెను. విని తెల్లబోయెను. కారణమేమనగా, ఈలోపల ప్రపంచములో వేరొక కథ జరిగినది. తయారీ ఆగిన టీబీ-303 యంత్రములు పాతసామానుల వెలకు అమ్ముడుపోవుచుండగా, అమెరికాలోని చికాగో నగరమున కొందరు నల్లజాతి యువకులు అట్టి దానిని కొని, దాని మరలను అటునిటు త్రిప్పి ఒక వింత గొంతును పుట్టించిరి. ఫ్యూచర్ అను వారి బృందము 1987లో వెలువరించిన 'ఆసిడ్ ట్రాక్స్' అను రికార్డు నుండి ఆసిడ్ హౌస్ అను నృత్యసంగీతము యూరపు ఖండమునంతయు ముంచెత్తినది. ఆ గొంతే, ఆ జారుడే, ఆ తాళమే అయిదేండ్లకు పూర్వము బొంబాయిలో వినబడినదని బౌమన్ చేతిలోని రికార్డు చెప్పుచున్నది. 2010లో ఆయన తన బాంబే కనెక్షన్ సంస్థ ద్వారా దానిని మరల వెలువరించెను.

శ్రోతలు మొదట నమ్మలేదు. ఇది ఎవరో నేటివారు చేసి పాత తేదీ వేసిన కొంటెపని యనిరి; ఆఫెక్స్ ట్విన్ అను పేరుతో ప్రసిద్ధుడైన ఆంగ్ల సంగీతకారుని మీదికి కూడ అనుమానము పోయినది. ముంబయిలో ఒక వృద్ధ వాద్యకారుడు నిక్షేపముగా ఉన్నాడనియు, ఆ యంత్రములతో తాను చేసినది చేసినట్లు చెప్పగలడనియు తెలిసిన తరువాత అనుమానము అభిమానముగా మారినది. డెబ్బది దాటిన వయస్సున సింగ్ గారు యూరపు వేదికలపై ఆ రాగములనే ఆ యంత్రములపైనే వాయించిరి. వారి మనుమల ఈడు పిల్లలు వేదిక ముందు చిందులు వేసిరి. 2015 జులైలో ఆయన ముంబయిలో కన్నుమూసిరి.

ఆసిడ్ హౌస్‌ను కనిపెట్టినది భారతీయుడే యని చంకలు గుద్దుకొనువారు మనలో కొందరున్నారు. ఆ మాట మాకు నచ్చదు. బొంబాయి రికార్డును చికాగో యువకులు విన్నట్లు ఆధారము లేదు. వారు తమ దారిన తాము పోయి ఆ గొంతును కనుగొనిరి. సింగ్ గారును కొత్త సంగీతమును స్థాపించితినని ఎన్నడును చాటుకొనలేదు, రాగము వాయించితిననిరి. మరల త్రిప్పుట వలన పుట్టినది వారి సంగీతము, స్వరము జారుట వలన పుట్టినది వీరి సంగీతము. ఒకే యంత్రము రెండు ఊళ్ళలో రెండు భాషలు మాట్లాడినది. పోటీ పెట్టుటకంటె రెండింటిని ఒకదాని వెంట నొకటి వినుట లాభము.

ఇంతవరకు రికార్డు మాట. మన ఊళ్ళ మాట ఒకటి మిగిలియున్నది. 'తబలా తీసివేసితిని' అని సింగ్ గారన్నది రికార్డులో ఒక ప్రయోగము. పెండ్లి ఊరేగింపులో 'డప్పు తీసివేసితిమి' అన్నచో అది ఒక ఇంటి పొయ్యికి సంబంధించిన సంగతి. సూర్యాపేట ప్రక్కనున్న దురాజుపల్లి పెద్దగట్టు జాతరలో రెండేండ్ల కొకసారి భేరీల మ్రోతకు గజ్జెల లాగులు తొడిగినవారు రాత్రియంతయు చిందులు వేయుచున్నారు. ఒకే దెబ్బ గంటల తరబడి సాగుట, దానిలో మనుష్యులు మైమరచుట మనకు చికాగో నేర్పిన విద్య కాదు. తీన్మారు పేరులోనే మూడు దెబ్బలున్నవి; ఆ ఊపును నాలుగు దెబ్బల యంత్రములోనికి దించినప్పుడెల్ల ఏదో ఒక మూల అది మొద్దుబారుచున్నది. డప్పు కొట్టువాడు పెండ్లికుమారుని మేనమామ అడుగు తడబడుట చూచి దెబ్బను నెమ్మదించును. ఆడపడుచులు వలయము కట్టుట చూచి హెచ్చించును. ముందుగా నింపిన పాటకు చూపు లేదు.

ధ్వని మితిమీరుట వేరొక బాధ. 2000 నాటి ధ్వని కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగటి పరిమితి 55 డెసిబెళ్ళు, రాత్రి పది గంటల తరువాత 45. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతసంబంధమైన ఊరేగింపులలో డీజే పెట్టెలను నిషేధించిరి. నిషేధములను గురించి, హార్మోనియము కథ ఎరిగిన మేము తొందరపడి మాట్లాడము. కాని చరణ్‌జీత్ సింగ్ రికార్డును మెల్లగా పెట్టి విన్నను దాని సొగసు తగ్గదన్నది మా అనుభవము. పెద్ద ధ్వని లేనిదే నిలువలేని పాటకును, దానికిని గల తేడాను ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును.

డప్పు కళాకారులు ఊరేగింపు నడుమ ఒకచోట ఆగి, గడ్డి మంట వేసి, చర్మమును కాచుకొందురు. మంచు పడిన రాత్రి అయినచో మరి రెండు మారులు ఆగుదురు. ఆ కొద్దిసేపు ఊరేగింపు నిలిచిపోవును. ముసలివారు అరుగులపై కూలబడుదురు, పిల్లలు మంట చుట్టు మూగుదురు, ఎవరో ఒకరు నీళ్ళ చెంబు తెత్తురు. వ్రేలితో చర్మమును మీటి, శ్రుతి వచ్చినదో లేదో చెవి దగ్గర పెట్టుకొని చూచుకొని, తరువాత మరల మొదలుపెట్టుదురు.